భట్టీ వేడికి కౌంట్ తగ్గిందా? మీ ఉత్తరంలో మరో సంగతి కూడా ఉంది

ప్రశ్న: నా వయసు 32. పదకొండేళ్లుగా బేకరీలో పనిచేస్తున్నాను. ఇప్పుడు భట్టీ బాధ్యత నాదే. పెళ్లయి మూడేళ్లయింది, పిల్లలు కలగలేదు. మా ఆవిడకు 28 ఏళ్లు, తనకు ఇంకా పరీక్షలేవీ చేయించలేదు. గత నెల నేను వీర్యపరీక్ష చేయించుకున్నాను. మిల్లీలీటరుకు 90 లక్షల కణాలు, కదులుతున్నవి 31 శాతం అని వచ్చింది. చూసిన డాక్టరు గారు ‘వేడి దగ్గర పని కదా, అందుకే’ అన్నారు. మగవాళ్ల బీజకణాలు వేడి నుంచి తమను తాము కాపాడుకుంటాయని ఎక్కడో చదివాను. మరి నా కణాలకు ఆ శక్తి లేదా? ఈ పని మానేయడం తప్ప దారి లేదా? ఒంట్లో వేడి తగ్గాలని అమ్మ రోజూ బార్లీ నీళ్లు, సబ్జా తాగిస్తోంది. తెలిసినవాళ్లు ఒక పొడి కూడా ఇప్పించారు. పరీక్షకు నెలన్నర ముందు డెంగీ వచ్చి ఐదు రోజులు 103 జ్వరంతో మంచం పట్టాను. అప్పటి నుంచి కాస్త నీరసంగానే ఉంది. ఈ విషయం ఇంట్లో ఎత్తలేక మీకు రాస్తున్నాను.
– పేరు వద్దు, రాజమహేంద్రవరం

సమాధానం: అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు ఉత్తరం చివర్లో, నీరసం గురించి చెబుతూ మాటవరసకు రాశారు. పరీక్షకు నెలన్నర ముందు ఐదు రోజుల పాటు 103 డిగ్రీల జ్వరం. ఆ సంగతి డాక్టరు గారికి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పి ఉండకపోతే ఆయన తప్పేమీ లేదు. ఎదురుగా బేకరీ మాస్టరు కూర్చుంటే ఎవరికైనా ముందు భట్టీయే గుర్తొస్తుంది. కానీ ఆ జ్వరం సంగతి పక్కన పెట్టి ఈ ఒక్క రిపోర్టుతో భట్టీని దోషిగా నిలబెట్టడం తొందరపాటు. భట్టీకి ఏ పాపం తెలియదని కూడా నేను అనడం లేదు. ఈ రెంటిలో దేని వాటా ఎంతో తేల్చుకునే మార్గం ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. ఒక వీర్యకణం మూలకణం (ఎప్పటికప్పుడు కొత్త కణాలను పుట్టించే కణం) దగ్గర మొదలై, వృషణంలో తయారై, ఎపిడిడిమిస్ అనే మెలికల నాళంలో పక్వమై బయటికి రావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అంటే మీరు ల్యాబులో ఇచ్చిన నమూనాలోని కణాలు జ్వరం వచ్చేనాటికే పుట్టి, సగం దారిలో ఉన్నాయి. పరీక్షకు అయిదు నుంచి ఎనిమిది వారాల ముందు అవి ఏ దశలో ఉంటాయంటే, క్షయకరణ విభజనలో. క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గే దశ అది. వేడికి బాగా దెబ్బతినేవి ఆ దశలో ఉన్న కణాలు, దాన్ని అప్పుడే దాటి గుండ్రంగా ఉన్న లేత కణాలు. మీ జ్వరం సరిగ్గా ఆ దశ మీదనే పడింది. డెన్మార్క్‌లో ఆరోగ్యవంతులైన మగవాళ్ల వీర్యాన్ని నెలల తరబడి పరీక్షించి 2003లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. క్షయకరణ విభజన సమయంలో గానీ, ఆ తర్వాతి దశలో గానీ జ్వరం వచ్చినవాళ్లలో కణాల సాంద్రత సుమారు మూడోవంతు పడిపోయింది.

ఇక మీ అసలు ప్రశ్న. మీ కణాలకు ఆ శక్తి ఉంది. అందరికీ ఉన్నట్టే మీకూ ఉంది. కాకపోతే ‘కాపాడుకోవడం’ అంటే ప్రతి కణమూ బతికి బట్టకట్టడం అని మీరు అనుకున్నారు. శరీరం పద్ధతి వేరు.

మొదటి రక్షణ కణంలో లేదు, వృషణం వేలాడే తీరులో ఉంది. మన ఒంటి లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ అయితే వృషణాలు అంతకంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే వాటిని మోసే సంచి చర్మం పలచగా ఉంటుంది, దాని కింద కొవ్వు పొర ఉండదు, చెమట గ్రంథులు మాత్రం దండిగా ఉంటాయి. చలికి ఆ చర్మంలోని కండర పొర ముడుచుకుని సంచిని ఒంటికి దగ్గరగా లాగుతుంది, ఉక్కపోతకు వదులై కిందికి దించుతుంది. మీరు చూసే ఉంటారు. కంటికి కనిపించని ఏర్పాటు ఇంకొకటుంది. వృషణానికి రక్తం తెచ్చే ధమని చుట్టూ సన్నని సిరలు అల్లుకుని ఉంటాయి. కిందికి దిగే వేడి రక్తం, పైకి వెళ్లే చల్లని రక్తం ఒకదాన్నొకటి ఆనుకునే ప్రవహిస్తాయి. దాంతో ధమనిలోని వేడిలో కొంత సిరల్లోకి పోయి, వృషణానికి చేరేసరికి రక్తం చల్లబడుతుంది.

ఈ అల్లిక అన్ని జీవుల్లో ఒకేలా ఉండదు. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోరే పేరుతో స్థిరపడింది కదా. ఆ మూపురం పశువుల ఆబోతులను, యూరప్ జాతి ఆబోతులను పక్కపక్కన పెట్టి పరిశీలించినవాళ్లకు ఒక తేడా దొరికింది. మూపురం జాతుల్లో వృషణ ధమని గోడలు పలచన, ధమనిలోని రక్తానికీ సిరలోని రక్తానికీ మధ్య దూరం తక్కువ. వేడి సులువుగా చేతులు మారుతుంది. ఎండ దేశాల్లో ఆ ఆబోతులు యూరప్ జాతులకంటే మెరుగ్గా నెట్టుకురావడానికి ఇదొక కారణం. ఇక ఏనుగుకు వృషణాలు కడుపులోనే ఉంటాయి, పక్షులకూ అంతే. వాటి దారి వాటిది. మనిషికి మాత్రం ఈ సంచి తప్పదు.

జ్వరం వచ్చినప్పుడు ఈ ఏర్పాటు ఎందుకు చాలదో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. వచ్చే రక్తమే 39 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటే (మీ 103 ఫారెన్‌హీట్ అంటే అంతే), చల్లబరిచాక కూడా అది ఉండాల్సిన దానికంటే వేడిగానే చేరుతుంది. పైగా పగలూ రాత్రీ తెరిపి లేకుండా చేరుతుంది.

ఒకటి రెండు డిగ్రీలకే ఇంత గొడవ ఎందుకు? క్షయకరణ విభజనలో కణం తన డీఎన్ఏను తానే కావాలని వందలాది చోట్ల తెంపుకుంటుంది. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమూ తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమూ జతకట్టి, ముక్కలు మార్చుకుని, తెగినచోటల్లా మళ్లీ అతుక్కోవాలి. అన్నదమ్ములు ఒకే పోలికతో పుట్టకపోవడానికి ఈ మార్పిడి ఒక కారణం. పని ఎంత ముఖ్యమో అంత సున్నితం. జపాన్ పరిశోధకులు చిట్టెలుక వృషణపు ముక్కలను గాజు పాత్రల్లో వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర పెంచి, 2022లో ఫలితాలు ప్రకటించారు. 38 డిగ్రీల దగ్గర డీఎన్ఏ తెగిన చోట్లు పెరిగాయి, అతుకు పడటం దెబ్బతింది, క్రోమోజోములు సరిగా జతకట్టలేదు, అలాంటి కణాలు చనిపోయాయి. 37 దగ్గర కొన్ని ఇంకాస్త ముందుకు నడిచాయి గానీ విభజన పూర్తిచేయలేకపోయాయి. 38 డిగ్రీలంటే చిట్టెలుకకు జ్వరం కూడా కాదు, దాని కడుపులో మామూలుగా ఉండే వేడే అది.

ఇప్పుడు కణం లోపలికి వెళదాం. వేడికి ప్రొటీన్లు మడతలు విప్పుకుని, ఒకదానికొకటి అంటుకుని, పనికిరాకుండా పోతాయి. అలా పోకుండా పట్టుకునే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. వాటినే హీట్ షాక్ ప్రొటీన్లు అంటారు. వీటి కథ అనుకోకుండా మొదలైంది. ఇటలీలో ఫెరూచియో రిటోస్సా అనే శాస్త్రవేత్త పండ్ల ఈగల క్రోమోజోములను పరిశీలిస్తుండగా, ప్రయోగశాలలో ఎవరో ఇంక్యుబేటర్ వేడిని పెంచేశారు. సూక్ష్మదర్శినిలో చూస్తే క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు, అంటే అప్పటిదాకా మౌనంగా ఉన్న జన్యువులు ఒక్కసారిగా పనిలోకి దిగాయన్నమాట. 1962లో ఆయన ఈ సంగతి ప్రచురించారు. ఆ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లను గుర్తించడానికి మరో పన్నెండేళ్లు పట్టింది.

కాలేయం, చర్మం వంటి మామూలు కణాల్లో వేడి బాగా పెరిగినప్పుడు హెచ్ఎస్ఎఫ్1 అనే నియంత్రకం మేల్కొని, ఈ రక్షక ప్రొటీన్లను పెద్దఎత్తున తయారు చేయిస్తుంది. వృషణంలో వరస వేరు. అక్కడ కొన్ని రక్షక ప్రొటీన్లు ఏ ఆపదా రాకముందు నుంచే సిద్ధంగా ఉంటాయి. హెచ్ఎస్‌పీఏ2 అనే ప్రొటీన్ అలాంటిది, క్షయకరణ విభజన సాగే కణాల్లో పుష్కలంగా ఉంటుంది. దాని జన్యువును తీసేసిన చిట్టెలుకల్లో ఆడవి మామూలుగా పిల్లల్ని కన్నాయి, మగవి గొడ్డుబోయాయి. వాటి కణాలు విభజన దాటలేక చనిపోయాయి. వేడి లేకపోయినా ఆ ప్రొటీన్ అవసరమేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలు కిటుకు హెచ్ఎస్ఎఫ్1 దగ్గర ఉంది. బీజకణాల్లో, అంటే వీర్యకణాలుగా మారబోయే కణాల్లో, అది మిగతా కణాలకంటే చాలా తక్కువ వేడికే మేల్కొంటుంది. మేల్కొని అన్ని బీజకణాలకూ ఒకే ఆజ్ఞ ఇవ్వదు. చిట్టెలుకల మీద చేసిన ప్రయోగాల ప్రకారం ఇంకా విభజనకు దిగని తొలి దశ కణాలను అది బతికిస్తుంది. విభజన నడుమ వేడికి చిక్కిన కణాలను చావువైపు నడిపిస్తుంది. మీ పనిలో పెట్టి చెబితే, భట్టీ వేడి అదుపు తప్పినప్పుడు లోపలున్న ట్రేలలోని బన్నులు పారేసి, కలిపిపెట్టిన పిండిని మాత్రం చల్లని చోటికి మార్చినట్టు. ఆ పూట అమ్మకం పోతుంది, రేపటికి పిండి మిగులుతుంది.

ఇలా ఎందుకంటే, తెగిన డీఎన్ఏ సరిగా అతుక్కోని కణం బతికి వీర్యకణమైతే ఆ లోపం రేపు బిడ్డకు చేరవచ్చు. గర్భం నిలవకపోవచ్చు. అందుకని అనుమానం వచ్చిన కణాన్ని శరీరం ముందుకు పోనివ్వదు. చనిపోయిన కణాలను, పక్కనే ఉండి వాటికి పోషణ ఇచ్చే సెర్టోలి కణాలే మింగి శుభ్రం చేస్తాయి. రిపోర్టులో మీకు కనిపించిన తగ్గుదలలో చాలా భాగం ఈ ఏరివేత ఫలితమే అయి ఉండవచ్చు. అయితే మొత్తం నిశ్చింత అని కూడా అనను. ఏరివేతకు చిక్కకుండా దెబ్బతిన్న డీఎన్ఏతో బయటపడే కణాలూ కొన్ని ఉంటాయి. తీవ్రమైన జ్వరం వచ్చిన తర్వాత కొన్ని వారాల పాటు అలాంటివి పెరిగినట్టు పరీక్షల్లో కనిపించింది కూడా.

చంపడమే కాదు, చావును ఆపే ఏర్పాటూ ఉంది. 2012లో దక్షిణ కొరియా పరిశోధకులు దీన్ని చూపించారు. వాళ్లు చిట్టెలుక వృషణాలను కొద్దిసేపు ఒంటి లోపలి వేడికి గురిచేశారు, అంతే. బీజకణాలు వెంటనే ప్రొటీన్ల తయారీని తగ్గించి, ఆ పనికి సంబంధించిన సామగ్రిని చిన్న చిన్న రేణువులుగా కూడబెట్టుకున్నాయి. వీటిని స్ట్రెస్ గ్రాన్యూల్స్ అంటారు. వేడి తగ్గాక రేణువులు కరిగిపోయి పని మళ్లీ మొదలవుతుంది. డాజల్ అనే ప్రొటీన్ బీజకణాల్లోనే ఉంటుంది. అది ఈ రేణువుల్లోకి చేరుతుంది, అది లేని చిట్టెలుకల్లో రేణువులు సరిగా ఏర్పడవు. ఇంకో విశేషం, చావు సంకేతాన్ని మోసే ర్యాక్1 అనే ప్రొటీన్‌ను కూడా ఈ రేణువులు లోపలికి లాక్కుని బంధిస్తాయి. సంకేతం ముందుకు సాగదు, కణం బతుకుతుంది. మీరు ఎక్కడో చదివానన్నది బహుశా ఇలాంటి పరిశోధన గురించే.

పూర్తిగా తయారైన వీర్యకణానికి ఈ సౌకర్యాలేవీ లేవు. దాని జన్యువులు మూతపడి ఉంటాయి, కొత్త ప్రొటీన్ తయారు చేసుకోలేదు. డీఎన్ఏను ప్రోటమిన్లనే ప్రొటీన్లతో గట్టిగా బిగించి కట్టుకోవడం, ముందే మూటగట్టుకున్న రక్షక ప్రొటీన్లు, చుట్టూ ఉన్న ద్రవంలోని యాంటీఆక్సిడెంట్లు, ఇవే దాని ఆధారం. అందుకే వేడి తగిలినప్పుడు కౌంట్‌తో పాటు కదలిక కూడా తగ్గుతుంది.

ఇవన్నీ చదివి ‘ఇన్ని రక్షణలుంటే భట్టీ ఏం చేస్తుంది’ అనుకోకండి. కొద్దిసేపు వచ్చి పోయే వేడికి సరిపడే ఏర్పాట్లు ఇవి. రోజూ గంటల తరబడి ఉండే వేడికి కాదు. ఇటలీలో 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పదిమంది మగవాళ్లు వారానికి రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు, 80 నుంచి 90 డిగ్రీల సౌనా అనే వేడిగాలి గదిలో కూర్చున్నారు. మూడు నెలలకు వాళ్ల కణాల సంఖ్య, కదలిక రెండూ తగ్గాయి. సౌనా మానేసిన ఆరు నెలలకు మళ్లీ మామూలైపోయాయి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గంటసేపు కూర్చుంటే వృషణ సంచి ఉష్ణోగ్రత రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగిందని అమెరికాలో 2005లో తేల్చారు. అందులో ఎక్కువ భాగం తొడలు దగ్గరగా పెట్టుకుని కూర్చోవడం వల్లనే. కారు నడిపేవాళ్ల మీద ఫ్రాన్స్‌లో చేసిన కొలతల్లోనూ రెండు గంటల్లో రెండు డిగ్రీల దాకా పెరిగింది.

వీటన్నిటికంటే పాత ముచ్చట మన దేశంలోనే ఉంది. గత శతాబ్దం మొదటి సగంలో ఇండియాలో పనిచేసిన స్విట్జర్లాండ్ వైద్యురాలు మార్తా ఫోగెలి, కుటుంబ నియంత్రణకు తేలికైన మార్గం వెతుకుతూ, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మగవాళ్లను రోజూ 45 నిమిషాలు, మూడు వారాలు, 116 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడినీళ్లలో కూర్చోబెట్టారు. దాదాపు ఆరు నెలలు సంతానం కలగని స్థితి వచ్చిందనీ, ఆ తర్వాత మళ్లీ పిల్లలు పుట్టారనీ ఆమె రాశారు. దీన్ని ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి, గర్భనిరోధానికి దాన్ని నమ్ముకోవడానికి వీల్లేదు. మీకు ఇది చెప్పడానికి కారణం దాని రెండో సగం: అంత వేడి తర్వాత కూడా తయారీ తిరిగి మొదలైంది. మూలకణాలు మిగిలినంతకాలం ఆ అవకాశం ఉంటుంది.

మీ భట్టీ సంగతికి వద్దాం. వేడి మీకు మూడు రకాలుగా తగులుతుంది. మొదటిది నేరుగా తలుపులోంచి. చాలా బేకరీల్లో ఓవెన్ తలుపు నడుము ఎత్తులో ఉంటుంది. ట్రే తోసేటప్పుడు, తీసేటప్పుడు, బన్నులకు రంగు వచ్చిందో లేదో వంగి చూసేటప్పుడు మంట సెగ సరిగ్గా పొత్తికడుపు కిందనే తగులుతుంది. రెండోది గదిలో నిలిచిపోయిన వేడిగాలి. మూడోది మీ బట్టలు: బిగుతు జీన్సు, చెమటకు తడిసి అంటుకున్న లోదుస్తులు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరనివ్వకపోతే సంచి చర్మంలో ఉన్న అన్ని చెమట గ్రంథులూ వృథాయే.

ఉద్యోగం మానేయమని నేను చెప్పను. పదకొండేళ్ల పనితనం ఒక్క రిపోర్టుకు వదులుకునేది కాదు. పని చేసే తీరు మార్చండి. తలుపుకు ఎదురుగా నిలబడకుండా ఓ పక్కకు నిలబడి పొడవాటి కర్రతో ట్రేలు అందుకోండి. నడుము నుంచి మోకాళ్ల దాకా వదులుగా వేలాడే మందపాటి నూలు ఏప్రాన్ కట్టుకుంటే సెగ నేరుగా తగలదు. దాని లోపల వదులు నూలు ప్యాంటు, వదులు లోదుస్తులు వేసుకోండి. అమెరికాలో 656 మందిని చూసిన ఒక అధ్యయనంలో వదులు లోదుస్తులు వేసుకునేవాళ్లలో కణాల సాంద్రత 25 శాతం ఎక్కువ ఉంది. అది చూసి అద్భుతాలు ఆశించకండి, ఖర్చు లేని పని కాబట్టి చేయండి. ట్రే లోపల పెట్టాక అది కాలేదాకా భట్టీ ముందే నిలబడటం చాలామంది మాస్టర్లకు అలవాటు. టైమరు పెట్టుకుని పిండి గది వైపు వెళ్లండి. పొగ, వేడి బయటికి లాగే ఫ్యాను పనిచేస్తోందో లేదో చూడండి. వారంలో కొన్ని పూటలు భట్టీ మీ శిష్యుడికి అప్పగించి మీరు పిండి, కేకుల పని చూసుకోగలిగితే మరీ మంచిది. యజమానికి కారణం చెప్పనక్కర్లేదు. డెంగీ తర్వాత నీరసం తగ్గలేదంటే చాలు, అది నిజమే కదా.

ఇంటికొచ్చాక పొగలు కక్కే నీళ్లతో స్నానం వద్దు. బైకు మీద గంటల ప్రయాణమైతే మధ్యలో దిగండి. ఐసు ముక్కలు పెట్టుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చర్మం దెబ్బతింటుంది, పైగా చలికి సంచి ముడుచుకుని వృషణాలను ఒంటికి ఇంకా దగ్గరగా లాక్కుంటుంది.

ఇప్పుడు, ముందే మాట ఇచ్చినట్టు, జ్వరం వాటానూ భట్టీ వాటానూ విడదీసే మార్గం. జ్వరం తగ్గిన రోజు నుంచి మూడు నెలలు నిండాక మరోసారి వీర్యపరీక్ష చేయించండి. మీ లెక్క ప్రకారం అది ఎంతో దూరం లేదు. అప్పటికి జ్వరంలో చిక్కుకున్న కణాలన్నీ వెళ్లిపోయి ఉంటాయి. మీరు పనిలో చేసిన మార్పుల ఫలితం మాత్రం ఇంకా పెద్దగా కనిపించదు. ఆ రిపోర్టు బాగా పెరిగి వస్తే దోషం ఎక్కువగా జ్వరానిది. పెరగకపోతే, మార్పులు మొదలుపెట్టి మూడు నెలలు దాటాక ఇంకొకటి చేయించండి. అది భట్టీ గురించి చెబుతుంది. ఒకే మనిషిలో కూడా కౌంట్ నెలనెలకూ బాగా మారుతుంటుంది కాబట్టి అన్నీ ఒకే ల్యాబులో, ప్రతిసారీ ఒకేలా, అంతకుముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి ఇవ్వండి. ఫారం మీద జ్వరం తేదీ రాయించండి.

రిపోర్టులోని అంకె గురించీ ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస ప్రమాణం మిల్లీలీటరుకు కోటీ 60 లక్షలు, కదిలే కణాలు 42 శాతం. మీవి రెండూ దానికంటే తక్కువే, దాచేదేమీ లేదు. అయితే ఆ గీత ఎలా గీశారో కూడా తెలుసుకోండి. భార్యకు ఏడాది లోపు గర్భం వచ్చిన మగవాళ్లనే తీసుకుని, వాళ్లలో అట్టడుగు 5 శాతం ఎక్కడ మొదలవుతుందో చూసి ఆ అంకె పెట్టారు. అంటే తండ్రులైనవాళ్లలో ఇరవైమందికి ఒకరి కౌంట్ ఆ గీత కిందే ఉంది. గీత కింద ఉంటే ఆలస్యం కావచ్చు, అసాధ్యం అని అర్థం కాదు.

రెండో పరీక్ష దాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. యూరాలజిస్టుకు చూపించుకోండి. వేడి గురించి మాట్లాడేటప్పుడు తప్పక చూడాల్సింది వేరికోసీల్. ఇందాక చెప్పిన సిరల అల్లికే ఉబ్బి, రక్తం నిలిచిపోయి, చల్లబరిచే పని చెడగొడుతుంది. మగవాళ్లలో దాదాపు 15 శాతం మందికి ఉంటుంది, ఎక్కువగా ఎడమ వైపు. సంతానం ఆలస్యమై డాక్టరు దగ్గరికి వచ్చే మగవాళ్లలో మూడోవంతుకు పైగా మందిలో కనిపిస్తుంది. నిలబెట్టి చేత్తో పరీక్షిస్తే చాలావరకు తెలుస్తుంది. రోజూ నిలబడి పనిచేసే మీకు సాయంత్రానికి అక్కడ బరువుగా, లాగినట్టు అనిపిస్తుంటే ఆ సంగతి చెప్పండి. అవసరమైతే ఆపరేషన్‌తో సరిచేస్తారు. చిన్నప్పుడు వృషణం కిందికి దిగడం ఆలస్యమైందేమో మీ అమ్మగారిని అడగండి. అలా దిగనివాటికి ఇప్పుడు పిల్లాడికి ఏడాదిన్నర నిండేలోపే ఆపరేషన్ చేస్తున్నది, కడుపు వేడికి మూలకణాలు దెబ్బతినకూడదనే. మీ తరంలో అంత త్వరగా పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఎఫ్ఎస్‌హెచ్ (కణాల తయారీకి మెదడు నుంచి వచ్చే హార్మోన్), టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) రక్తపరీక్షలు డాక్టరే రాస్తారు. సిగరెట్, గుట్కా ఉంటే ఈరోజే ఆపండి.

బార్లీ నీళ్లు తాగండి. భట్టీ దగ్గర చెమట కారే మనిషికి నీళ్లు, మజ్జిగ, బార్లీ ఏవైనా మంచివే, అమ్మగారిని నొప్పించకండి. కానీ వాటితో వృషణం ఉష్ణోగ్రత తగ్గదు. మామిడిపండు తింటేనో కోడికూర తింటేనో పెరగదు కూడా.

పొడిని మాత్రం ఇప్పుడే ఆపేయండి. అందులో ఏముందో డబ్బా మీద రాసి లేకపోతే మరీ ముఖ్యం. ఇలాంటి పొడుల్లో స్టీరాయిడ్లు కలుపుతున్నవాళ్లున్నారు, సీసం వంటి లోహాలు బయటపడిన సందర్భాలున్నాయి. మగ హార్మోన్ లాంటిది ఏదైనా కలిసి ఉంటే కథ అడ్డం తిరుగుతుంది. బయటి నుంచి టెస్టోస్టిరాన్ అందితే మెదడు వృషణాలకు పంపే ఆజ్ఞలు తగ్గిపోయి, కణాల తయారీ ఆగిపోయే దాకా పోవచ్చు. వేడి చేయలేని నష్టం అది చేస్తుంది. ‘బలానికి’ అంటూ ఇచ్చే ఇంజెక్షన్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇక మీ ఆవిడ. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరికీ ఒకేసారి పరీక్షలు మొదలుపెట్టాలి, మీకు మూడేళ్లు దాటాయి. మీ రిపోర్టులో లోపం కనిపించింది కాబట్టి తనకు అక్కర్లేదనుకోవడం పొరపాటు. అండం విడుదల, ఫాలోపియన్ నాళాలు, థైరాయిడ్ చూడటానికి పెద్ద ఖర్చు కాదు. మీ కౌంట్ కోలుకునే ఆ కొన్ని నెలల్లోనే అవీ పూర్తవుతాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయినా ఈ రిపోర్టు ముందు ఆమెకు చూపించండి, జ్వరం సంగతి కూడా కలిపి చెప్పండి. యూరాలజిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. పాత రిపోర్టు, డెంగీ అప్పటి ఆసుపత్రి కాగితాలు, ఆ పొడి డబ్బా వెంట ఉంచుకోండి.